ప్రత్యక్ష సాక్షులు చెప్పారు

నాకిచ్చిన గంటలో అప్పుడే ఆరు నిమిషాలు పోయాయి. కంప్యూటరు తెర కింది మూలన అంకెలు వెనక్కి నడుస్తున్నాయి, యాభై నాలుగు, యాభై మూడు, ఈ గ్రంథాలయంలో ఎవరికైనా గంటే, ఆ తర్వాత తెర దానంతటదే నల్లబడుతుంది, సగం రాసిన వాక్యం సగంలోనే పోతుంది, అందుకే నేనెప్పుడూ ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వస్తాను. ఈరోజు రాసుకోలేదు. పొద్దుటినుంచి కలం తీయడం, మూత పెట్టడం, మంచినీళ్ళు తాగడం, మళ్ళీ తీయడం. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పత్రిక మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నాడు, ఊపిరి పీల్చినప్పుడల్లా ముఖ్యవార్త లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తోంది, ఆ నిద్ర చూస్తే కుళ్ళుగా ఉంది. నాలుగింటికి వ్యాసానికి తాళం వేస్తారు. అంతర్జాలంలో ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం కాబట్టి, రేపు మొదటి పేజీలో పెట్టబోయే వ్యాసాన్ని ముందురోజు సాయంత్రం నుంచే ఎవరూ ముట్టుకోకుండా చేస్తారు. అందులో ఒక్క వాక్యం. ఉంచాలా, తీసెయ్యాలా. ఉంచాలంటే నేనేమీ చెయ్యక్కర్లేదు, ఈ గంటసేపూ ఇలా కూర్చుంటే చాలు. చేతులు కట్టుకుని కూర్చోవడమంత తేలికైన తప్పు ఇంకోటి లేదు, నాకు తెలుసు, ఒకసారి చేశాను.

వ్యాసం లాంచీ ప్రమాదం గురించి. యాభై రెండేళ్ళ కిందట, మధ్యాహ్నం పూట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని దాటించే లాంచీ మునిగి ముప్పై ఒక్కమంది పోయారు. దాన్ని నడిపిన సరంగు మా అన్నయ్య. ఆ సంగతి ఆ పేజీలో రాసేవాళ్ళకెవరికీ తెలియదు, అక్కడ నాకు ఊరూ పేరూ లేవు, కళ్ళజోడు అని పెట్టుకున్నాను, మిగతావాళ్ళూ అంతే, ఒకరు తేనెటీగ, ఒకరు గాలిపటం, ముఖాలు తెలియని మనుషులం ఒకరి తప్పులు ఒకరం దిద్దుకుంటూ ఏళ్ళు గడిపేశాం. 'లాంచీ ఒరిగిన వెంటనే సరంగు ప్రాణభయంతో చక్రం వదిలేసి నీళ్ళలోకి దూకి ఒడ్డు చేరాడు.' ఇది ఎవరో ఎప్పుడో రాసిన వాక్యం. పక్కన చిన్న అంకె, నొక్కితే కింద విచారణ నివేదిక, నలభై ఆరో పేజీ. దాని వెంటే నా వాక్యం. 'అయితే చివరి మనిషి నీళ్ళలోకి దిగేదాకా సరంగు చక్రం వదలలేదని ప్రత్యక్ష సాక్షులు చెప్పారు.' దాని పక్కన ఏడేళ్ళపాటు ఒక చీటీ వేలాడింది, 'మూలం కావాలి' అని. ఆ చీటీ ఉన్నంతకాలం నాకు ఒక విధంగా ధైర్యంగానే ఉండేది, చదివేవాళ్ళకు చెబుతోంది కదా, నమ్మకండి, ఎవరో ఏదో అన్నారు, అని. పోయిన వారం తేనెటీగ ఆ చీటీ పీకేసింది. పీకేశాడో, పీకేసిందో. చర్చాపేజీలో రాసింది చూడాలి ఎంత సంబరంగా ఉందో. "కళ్ళజోడు గారూ, తీపి కబురు! మీ వాక్యానికి మూలం దొరికింది. నాలుగేళ్ళ కిందటి ఆదివారం పత్రికలో, అచ్చం మీరు రాసిన మాటే. మీ నోట్లో చక్కెర పొయ్యాలి. ఇంక వ్యాసం మొదటి పేజీకి తయారు."

అచ్చం నేను రాసిన మాటే, అదే కదా చిక్కు. 'చివరి మనిషి నీళ్ళలోకి దిగేదాకా' అన్నది నా మాట. మరొకరైతే 'ప్రయాణికులందరూ' అంటారు, 'ఆఖరు వరకూ' అంటారు. ఆ పత్రిక రాసినవాడు ఎవరో, ప్రమాదం జరిగి ఇన్నేళ్ళయిందని ఏదో ఒకటి రాయాలి కాబట్టి, మా పేజీ తెరిచి చూసి రాసుకుపోయాడు. ఇప్పుడు మా పేజీ ఆ పత్రికను చూపిస్తోంది. నా నీడను నేనే పిలిచి నాకు సాక్ష్యం చెప్పించుకున్నట్టు. చరిత్ర అని ఒక బొత్తాం ఉంటుంది ప్రతి వ్యాసానికీ, నొక్కితే ఏ వాక్యం ఎవరు ఏ రోజు ఏ నిమిషాన పెట్టారో వరసగా కనిపిస్తుంది, నాది ఏడేళ్ళ కిందటిది, పత్రిక నాలుగేళ్ళ కిందటిది, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. తేనెటీగ చూడలేదు. అందరి వాక్యాలనూ గోళ్ళతో గీకి చూసే తేనెటీగ నా వాక్యాన్ని గీకలేదు, ఎందుకంటే అది కళ్ళజోడు రాసింది, కళ్ళజోడు మూలం లేకుండా రాయదు.

నేను నిజంగానే రాయను. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు అక్షరాలు పేర్చినదాన్ని, ఐదో తరగతితో బడి మానేసినా చదువంతా అక్కడే, సీసపు అక్షరాల్ని తలకిందులుగా చదివీ చదివీ, పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి వైద్యగ్రంథాల దాకా, ఎవరు ఏది అచ్చుకిస్తే అదే నాకు పాఠం. ఆ రోజుల్లోనే తెలిసింది, అచ్చులో పడ్డ మాటకు జనం ఎలా తలవంచుతారో. మా యజమాని అనేవాడు, "నోటితో అంటే గాలి, సీసంతో అంటే సత్యం" అని, అని నవ్వేవాడు. ప్రెస్సు మూతపడ్డాక ఇక్కడికి రావడం మొదలుపెట్టాను. ఇక్కడి గ్రంథాలయం ఆవిడ కంప్యూటరు నేర్పింది, "పెద్దమ్మా, ఎలకను పట్టుకున్నట్టు పట్టుకోకండి, అది కరవదు" అంటూ. ఇక్కడి పాత పత్రికల కట్టలు, నివేదికలు, ఎవరూ ముట్టని జిల్లా చరిత్రలు, వాటిలోంచి ఏరి ఏరి ఎన్ని వ్యాసాలకు మూలాలు ఇచ్చానో. ఒకసారి ఒకాయన రాశాడు, ఫలానా ఊళ్ళో ఆసుపత్రిలో మొదటి ఆడ కాంపౌండరు మా అమ్మ అని. నేనే చీటీ తగిలించాను. ఆయన బతిమాలాడు, "మా అమ్మ తన నోటితో నాకు చెప్పిందండీ, ఇంతకంటే ఏం కావాలి?" అని. నేను జవాబు రాశాను, ఎంత చక్కగా రాశానో, మనకు తెలిసినదీ, మనం కళ్ళతో చూసినదీ కూడా ఇక్కడ మూలం కాదండీ, వేరొకరు అచ్చువేసి ఉండాలి, లేకపోతే ఎవరి అమ్మ గురించి వాళ్ళు రాసుకుంటారు, అని. నెల ఆగి తీసేశాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ అక్కడ కనిపించలేదు. కంచే చేను మేసిందంటే ఇదే, అప్పటికే నా వాక్యం లాంచీ పేజీలో మూడేళ్ళుగా కూర్చుని ఉంది.

ముప్పై ఎనిమిది. సంచిలో ఫోను వణికింది. గ్రంథాలయం ఆవిడ కళ్ళెత్తి చూసింది. తీసి చూస్తే మేనకోడలు, అన్నయ్య కూతురు. చేత్తో నోరు కప్పుకుని ఎత్తాను.

"అత్తా, ఎక్కడున్నావు?"

"గ్రంథాలయంలో."

"అబ్బో, డ్యూటీలో ఉన్నావన్నమాట. రేపు ఎన్నింటికి వస్తుంది అది?"

"తెల్లారేసరికి ఉంటుంది."

"మా సెక్షన్లో అందరికీ చెప్పేశాను. మా సూపరింటెండెంటు ఉన్నాడు చూడు, చిన్నప్పుడు నా బడే, 'ఏమే దూకిన సరంగు కూతురా' అని పిలిచేవాడు, వాడి బల్ల మీద పెట్టి చదివిస్తా. పైకి చదవరా బాబూ, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువు, అంటాను."

"పత్రికలో వచ్చినప్పుడు చూపించావు కదే."

"పత్రికదేముంది అత్తా, పొట్లాలు కడతారు. ఇదైతే ఎప్పటికీ ఉంటుంది కదా. ఏంటి నీ గొంతు అలా ఉంది? మధ్యాహ్నం తిన్నావా?"

"తిన్నాను. ఇక్కడ మాట్లాడకూడదు తల్లీ."

"సరే, సరే. మీ గ్రంథాలయం ఆవిడ కళ్ళెర్రజేస్తోందా? ఉంటా."

పెట్టేసింది. గ్రంథాలయం ఆవిడ కళ్ళెర్రజేయలేదు, ఎదురుగా గోడ మీది బోర్డు వైపు గడ్డం చూపించి ఊరుకుంది. నిశ్శబ్దం పాటించండి. నాకా చెబుతున్నారు, నాకంటే బాగా పాటించినవాళ్ళు ఎవరున్నారు. నాలుగేళ్ళ కిందట ఆ పత్రిక వచ్చిన రోజున మేనకోడలు ఇంటికే పరుగెత్తుకొచ్చింది, యాభై రెండేళ్ళ మనిషి, చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది, "నాన్న పారిపోలేదంట అత్తా, చూడు, అచ్చువేశారు" అంటూ. ఆ ముక్క కత్తిరించి అద్దం కట్టించి వాళ్ళ నాన్న ఫొటో పక్కన పెట్టుకుంది. నేను దాని వీపు నిమిరాను. ఏమీ అనలేదు. ఆ తర్వాత నుంచి అది నిటారుగా నడవడం మొదలుపెట్టింది, ఇది నా ఊహ కాదు, చూసినవాళ్ళందరూ అన్నారు. ఇప్పుడు ఆ వాక్యం తీసేస్తే మిగిలేది ముందు వాక్యం ఒక్కటే, ప్రాణభయంతో, చక్రం వదిలేసి, రేపు సూపరింటెండెంటు బల్ల మీద. మేనకోడలు పైకి చదవరా అంటుంది, వాడు చదువుతాడు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అవతలి ఒడ్డున అచ్చాఫీసులో పని దొరికింది, మర్నాడే చేరాలి, అన్నయ్య నన్ను తన లాంచీలోనే తీసుకెళ్తానన్నాడు, సరంగు చెల్లెలికి టిక్కెట్టేమిటి, చక్రం గది పక్కనే రేకు పెట్టె వేసుకుని కూర్చున్నాను. ఎక్కవలసినవాళ్ళకంటే ఎక్కువమంది ఎక్కారు, టిక్కెట్ల గుమస్తా ఎక్కించాడు, అన్నయ్య రెండుసార్లు అరిచాడు, చాలు చాలు అని, ఎవరు వింటారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. "అక్కడ అక్షరాలన్నీ తలకిందులుగా ఉంటాయట, నువ్వూ తలకిందులుగా నిలబడి పనిచేస్తావేమిటే?" అన్నాడు. "నీ లాంచీ తిన్నగా నడుపు ముందు" అన్నాను. నేను అన్న ఆఖరు సరదా మాట అదే. అడుగున ఏదో తగిలింది, కర్రో, పాత పడవ దుంగో, ఎవరికీ తెలియదు, నివేదికలోనూ లేదు, పెట్టె జారింది, పెట్టెతో పాటు నేనూ. నీళ్ళు చల్లగా లేవు, గోరువెచ్చగా ఉన్నాయి, నాకు ఈత రాదు. పైకి తేలినప్పుడు అన్నయ్య రెండు చేతులూ చక్రం మీద ఉన్నాయి, నన్ను చూస్తున్నాడు. మళ్ళీ మునిగాను. రెండోసారి తేలినప్పుడు చక్రం ఒక్కటే ఉంది, దానంతటది తిరుగుతోంది. నేను చూసింది అంతే. ప్రత్యక్ష సాక్షులు అని బహువచనంలో రాశాను చూడండి, ఉన్నది ఒక్కత్తె, అదీ చూసింది ఇది. తర్వాత నా జడ ఎవరో లాగారు, తల చర్మం ఊడివచ్చేంత నొప్పి, ఆ నొప్పి వెంట ఒడ్డుకు వచ్చాను.

అవతలి ఒడ్డున ఏపుగా పెరిగిన రెల్లు. అందులో పడి ఉన్నాం. అన్నయ్య పిడికిట్లో నా జడ ఇంకా ఉంది, వదలమంటే వేళ్ళు వదలడం లేదు, ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. వెనక నుంచి అరుపులు, ఆ తర్వాత అరుపులు తగ్గడం, అది మరీ ఘోరం. లాంచీ అడ్డం తిరిగి పక్కకు పడుకుంది, ఒక గొడుగు తెరుచుకుని తిరుగుతూ పోతోంది. అన్నయ్య లేచి నిలబడి చూసి మళ్ళీ కూర్చుండిపోయాడు. "నువ్వు పొద్దున లాంచీకే వచ్చేశావు. విన్నావా? పొద్దున లాంచీకి" అన్నాడు. "అన్నయ్యా" అన్నాను. "నడువు. వెనక్కి చూడకు." నేను లేచి నడిచాను. తడి బట్టలతో, ఒక చెప్పుతో, వెనక్కి చూడకుండా. చెప్పిన మాట వినే చెల్లెల్ని నేను. ఆ తర్వాత జీవితంలో ఎన్ని వీడ్కోళ్ళు చూశానో, అమ్మది, వదినది, అచ్చాఫీసు తలుపులు మూసిన రోజుది, అన్నీ ఆ రెల్లులో నడకలాగే ఉంటాయి నాకు, ముందు నేను నడుస్తూ ఉంటాను, వెనక ఎవరో కూర్చుని ఉంటారు.

విచారణ ఒక బడిగదిలో పెట్టారు, పిల్లల బల్లలు చిన్నవి, పెద్దవాళ్ళందరి మోకాళ్ళూ పైకి వచ్చి కూర్చున్నారు. నేను వెనక బల్ల మీద, వదిన పక్కన. వదిన ఒళ్ళో నాలుగేళ్ళ పిల్ల. అధికారి మంచివాడే, గొంతు పెంచలేదు. "ఎందుకు వదిలేశావయ్యా చక్రం?" అన్నాడు. "భయమేసిందండి." "ఎవరినైనా కాపాడదామని దూకావా?" అని కూడా అడిగాడు, ఒక దారి చూపించాడు పాపం. అన్నయ్య తల తిప్పి వెనక బల్ల వైపు చూశాడు, ఎంతసేపో కాదు, రెప్పపాటు. "లేదండి. నా కోసమే" అన్నాడు. వదిన పమిట నోట్లో కుక్కుకుంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. పక్కన గుమస్తా గరగరా రాసుకుపోయాడు, ఆ రాతే ఇక్కడ మూడో బీరువాలో ఉంది, నలభై ఆరో పేజీ, ప్రాణభయంతో. చక్రం వదలకుండా ఉంటే లాంచీ నలభై గజాల దూరంలోని ఇసుకమేట ఎక్కి ఉండేదనీ ఉంది. ప్రయాణికుల జాబితా ఉంది, పోయినవాళ్ళు ముప్పై ఒకటి, బతికినవాళ్ళు పంతొమ్మిది, నాకు టిక్కెట్టు లేదు కాబట్టి ఏ లెక్కలోనూ నేను లేను. నివేదిక నమ్మదగిన మూలం. ప్రభుత్వం వేసింది, సంతకాలున్నాయి, పేజీల అంకెలున్నాయి. అందులో ఉన్నది మా అన్నయ్య ఆడిన అబద్ధం.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు పని వెతుక్కుంటానని బయలుదేరాడు, నేనే బస్సు దాకా వెళ్ళాను. చెప్పేద్దాం అన్నయ్యా, వదినకైనా, అన్నాను. "ఒకరు మోసేదాన్ని ఇద్దరం మొయ్యడం ఎందుకే" అన్నాడు. తర్వాత ఏడాదికి ఏదో ఊరి ఆసుపత్రి నుంచి వేరేవాళ్ళ చేతిరాతతో ఉత్తరం వచ్చింది, పోయాడని. వదిన నలభై నాలుగేళ్ళు దూకినవాడి పెళ్ళాంగా బతికి పోయింది. వదిన పోయిన వారానికి ఇదే కుర్చీలో కూర్చుని ఆ వాక్యం రాశాను, ప్రత్యక్ష సాక్షులు చెప్పారు, అని. అన్నయ్యకు మేలు చేశాననుకున్నాను. ఇప్పుడు తెరమీద దాన్ని చూస్తే తెలుస్తోంది, ఆ వాక్యంలో చక్రం వదలని మనిషి ఎవరో నాకు తెలియని మనిషి. మా అన్నయ్య వదిలాడు. వదిలి నా జడ పట్టుకున్నాడు. నేను రాసిన దాంట్లో నేను మునిగిపోయాను, అన్నయ్య చూస్తూ నిలబడ్డాడు. అదా నేను ఆయనకు చేసిన మేలు?

పంతొమ్మిది నిమిషాలు. సవరించు అన్నదాన్ని నొక్కాను. వాక్యం మీద నీలం రంగు పరిచాను, తుడిచే మీట మీద వేలు పెట్టాను, వేలు పెట్టి, మేనకోడలి నడక గుర్తొచ్చి, తీసి, మళ్ళీ పెట్టాను. నొక్కాను. కారణం రాయాలి కింద. రాశాను. 'ఈ వాక్యం నేను రాసినది. నా దగ్గర ఏ మూలమూ లేదు. పత్రిక మన పేజీ చూసి రాసింది, తేదీలు పోల్చి చూడండి.' ప్రచురించు. అంతే, చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా రాలేదు. నాలుగు నిమిషాలకు చర్చాపేజీలో తేనెటీగ వాలింది. "కళ్ళజోడు గారూ, ఏమిటిది? తేదీలు చూశాను, నిజమే, నా కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా. కానీ మీరు సాక్షులని రాశారు కదా, ఎవరు వాళ్ళు?" వ్యాసం మళ్ళీ తెరిచి, ఖాళీ అయినచోట రాశాను, 'నీళ్ళలో పడిన చెల్లెలిని కాపాడటానికి సరంగు చక్రం వదిలి దూకాడు.' ఇన్నేళ్ళలో మొదటిసారి అది అక్షరాల్లో చూశాను. ఎంత పొట్టి వాక్యం. దాని పక్కన అంకె ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. కాంపౌండరు కొడుకు గుర్తొచ్చాడు, ఆయనకు నేను ఇచ్చిన జవాబు ప్రతి అక్షరమూ గుర్తొచ్చింది. ప్రచురించు నొక్కలేదు. వెనక్కి వచ్చేశాను, ఆ వాక్యం పోయింది. తేనెటీగకు రాశాను, సాక్షులెవరూ లేరండీ, క్షమించండి, అని. "సరే, అయితే నివేదిక మాటతోనే వెళ్తుంది రేపు. ఆ సరంగుని తలుచుకుంటే పాపం అనిపిస్తోందండీ" అని వచ్చింది. చదువుతుండగానే తెర నల్లబడింది.

వసారాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా సైకిళ్ళు, ఒకదాని గంట మీద పిచ్చుక. మేనకోడలు రేపు తెల్లారి మొదటి పేజీ తెరిచి, సూపరింటెండెంటు ముందు నిలబడి తెలుసుకోకూడదు, కనీసం ఆ ఒక్కటి నా చేతిలో ఉంది. ఫోను చేశాను.

"ఏంటత్తా, మళ్ళీ? ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు. నేను ఆ వాక్యం తీసేశాను తల్లీ. అది నేను కల్పించింది. పత్రికవాళ్ళు నన్ను చూసే రాశారు."

"జోకులొద్దు అత్తా."

"మీ నాన్న దూకాడమ్మా. నిజంగానే దూకాడు. నేను నీళ్ళలో పడ్డాను, నాకోసం దూకాడు. భయంతో కాదు. నేను చచ్చిపోతానని దూకాడు."

వెనక ఎవరో నవ్వుతున్నారు, కుర్చీ జరిపిన చప్పుడు, ఏదో ఫైలు గురించి ఎవరో దాన్నే పిలుస్తున్నారు.

"నువ్వు పొద్దున లాంచీకి వెళ్ళావు కదా. ఎవరు చెప్పారు నీకు ఇదంతా?"

"ఎవరూ చెప్పలేదు. ఆ నీళ్ళలో ఉన్నది నేనే."

"అమ్మకు తెలుసా?"

"తెలియదు."

"అమ్మ పోయేదాకా నువ్వు పక్కనే ఉన్నావు కదత్తా. మంచం పక్కనే."

"ఉన్నాను."

ఇంకేదో అనబోయి ఆగింది. నీకోసం ముప్పై ఒక్కమందా, అనబోయిందేమో. పిచ్చుక ఎగిరిపోయింది. అది ఫోను పెట్టేస్తుందనిపించింది, పెట్టేస్తే ఇక నేను ఎప్పటికీ మళ్ళీ చెయ్యలేననిపించింది.

"పెట్టెయ్యకు తల్లీ" అన్నాను.

"పెట్టనులే. నువ్వు మాట్లాడకు. కాసేపు ఏం మాట్లాడకు."

నేను మాట్లాడలేదు.